బాటసారుల ఋణము

మనస్సున కీడు తలపని మనుష్యుని నడవడివలన పరునికి కీడు కలిగినయెడల, ఆ కీడునకు అతడెంతవరకు బాధ్యుడు? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ధర్మశాస్త్రములు వ్రాసినవారును, న్యాయస్థానములలో తీర్పు చెప్పువారును, తన పశువు పొరుగువాని చేనిలో పడినప్పుడు రచ్చబండకడ సమాధానము చెప్పుకొను రైతును దీనిని ఏదో యొక రూపమున ఎదుర్కొనుచునే యున్నారు. ఒక్క మనుష్యుని విషయమున సులభముగా తోచు ఈ ప్రశ్న, లక్షలకొలది జనులు ఒక్క దారిని నడచినప్పుడు మిక్కిలి చిక్కుపడును. అట్టి నడక యొకటి 19వ శతాబ్దమున ఉత్తర అమెరికాలో జరిగెను. దానిని ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నను విచారింపదలచితిమి.

మిస్సౌరీ నదీతీరమునందలి ఇండిపెండెన్సు మొదలగు పట్టణములనుండి బయలుదేరి, ప్లాట్ నది వెంబడి గడ్డిమైదానములను దాటి, రాకీ పర్వతములలో సౌత్ పాస్ అను కనుమగుండ పడమటికి దిగి, ఆరెగాను దేశమునందలి విలామెట్ లోయ చేరు బాట పొడవు సుమారు 2000 మైళ్లు. 1843లో సుమారు వేయిమంది ఈ బాటపై పయనించిరి. 1847లో మోర్మనులు తమ మతమును కాపాడుకొనుటకై సాల్టు లేకు లోయకు పోయిరి. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారము కనబడెను. మరుసటి యేట బాట తిరునాళ్లవలె నిండెను. 1840 మొదలు 1860 వరకు గల యిరువది యేండ్లలో ఈ బాటలవెంట పడమటికి పోయినవారు సుమారు 3 లక్షలని చరిత్రకారులు లెక్కించిరి. 1869 మే 10వ తేదీన ఖండమును దాటు రైలుమార్గము పూర్తియగుటతో బండ్లబాటకు ప్రాధాన్యము తగ్గెను.

వీరెవరు? పెక్కుమంది సామాన్య రైతులు. 1837లో అమెరికాలో వర్తకము కుప్పకూలి ధాన్యపు ధరలు పడిపోగా అప్పులపాలైనవారు కొందరు. మిసిసిపీ లోయలోని చలిజ్వరమునకు బిడ్డలను పోగొట్టుకొని ఆరోగ్యకరమైన సీమను వెదకుకొన్నవారు కొందరు. తండ్రి పొలము అన్నదమ్ములకు చాలక తమకొక చెక్క కావలెనని కోరినవారు కొందరు. బండినిండ పిండి, ఉప్పుమాంసము, కాఫీగింజలు, పనిముట్లు ఉండుటచేత మనుష్యులు ఎక్కుటకు చోటుండెడిది కాదు. స్త్రీలును బాలురును సయితము విశేషభాగము నడచియే పోయిరి. దినమునకు 12 మైళ్లో 15 మైళ్లో సాగుచు నాలుగు మాసములనుండి ఆరు మాసములవరకు ప్రయాణము చేసిరి. వసంతమున గడ్డి మొలవకముందు బయలుదేరినచో ఎద్దులకు మేత లేదు. ఆలసించినచో పర్వతములపై మంచు పడును. దారిలో వాంతిభేది తగిలినవారు ఉదయమున ఆరోగ్యముగా నుండి సాయంకాలమునకు మరణించుటయు కలదు. శవమును మృగములు త్రవ్వకుండుటకై బాటనడుమనే గోతిలో పూడ్చి, ఆ మట్టిమీదుగా బండ్లు నడిపి, గుర్తు చెరిపి, మరల సాగిపోయెడివారు. కన్నబిడ్డ సమాధిపై తన బండిచక్రము నడుపవలసివచ్చిన తల్లిని దుర్మార్గురాలని యెవడనగలడు?

కావున ఈ జనులను దొంగలనియు క్రూరులనియు ఒక్కమాటలో త్రోసివేయుట న్యాయము కాదు. కాని వారు నడచిన నేల నిర్జనమైనది కాదు. అది పానీలు, లకోటాలు, షయెన్నులు, షొషోనీలు, కయూసులు మొదలగు ఆదిమజాతుల నివాసము. వారు ఈ బాటసారులకు మొదట చేసినది ఉపకారమే. నదులు దాటించిరి, దారి చూపిరి, ఎండుచేపలు అమ్మిరి. చలనచిత్రములు చూచినవారు ఆ బాట ఆద్యంతము యుద్ధరంగమని తలతురు. చరిత్రకారుల లెక్క వేరుగానున్నది: 1840–1860 నడుమ ఆదిమజనులచేత చంపబడిన బాటసారులు సుమారు 360 మంది; బాటసారులచేత చంపబడిన ఆదిమజనులు 420 మందికి పైగా. వాంతిభేదివలన చచ్చిన బాటసారులతో పోల్చినచో ఆ మొదటి సంఖ్య మిక్కిలి స్వల్పము.

అయినను, తుపాకి పేలకుండనే అపారమైన కీడు జరిగెను. ఒక్క ఎద్దు ఒక్క రాత్రి మేసిన గడ్డి ఎంత? ఒక్క కుటుంబము వంటకు నరికిన కొమ్మ ఎంత? కాని వేలకొలది బండ్లు ప్రతివేసవియందును ఆ సన్నని లోయవెంటనే పోవుటచేత ప్లాట్ నదీతీరమున గడ్డి నశించెను; అరుదుగానున్న చెట్లు వంటచెరకైపోయెను; ఆదిమజనులకు అన్నమును వస్త్రమును ఇల్లును అయిన బైసనులను అడవిదున్నలు ఆ దారి విడిచి దూరముగా పోయెను. బాటసారులతోకూడ వ్యాధులును నడచెను. 1849లో వాంతిభేది మైదానజాతులలో ప్రవేశించి గుడారములకు గుడారములను శూన్యముచేసెను. 1847లో ఆరెగాను ప్రాంతపు కయూసులలో తట్టువ్యాధి పుట్టి పిల్లలు పెక్కుమంది చనిపోయిరి. వైద్యుడును మతబోధకుడును అయిన మార్కస్ విట్మను శ్వేతజాతి బిడ్డలను బ్రతికించుచు తమ బిడ్డలను చంపుచున్నాడని అనుమానించి, కొందరు కయూసులు అతనిని, అతని భార్య నార్సిస్సాను, మరికొందరిని చంపిరి. అందులకై 1850లో అయిదుగురు కయూసులు ఉరితీయబడిరి. తట్టును తెచ్చినవారెవరును దానిని కోరి తేలేదు. బిడ్డలను పోగొట్టుకొన్నవారి దుఃఖమును అబద్ధము కాదు.

ఇచ్చట మన ప్రశ్నకు రెండు సులభమైన ఉత్తరములు ఎదురగును. ఒకటి: “సంకల్పము లేనిచో పాపము లేదు, ఎవరెవరి పొట్టకొరకు వారు నడచిరి, జరిగినది విధి.” రెండవది: “ఫలము చెడ్డదికావున నడచినవారందరును పాపులు.” మొదటి యుత్తరము వలసపోయినవారి సంతతికి ఇంపుగానుండును. రెండవది దూరముననుండి తీర్పుచెప్పు మనవంటివారికి ఇంపుగానుండును. ఇంపుగానుండుటయే రెండింటిని అనుమానించుటకు తగిన కారణము.

మొదటి యుత్తరమున సత్యాంశము లేకపోలేదు. సంకల్పమును బట్టియే కర్మకు గుణదోషములు కలుగుననుట మన శాస్త్రములకును పాశ్చాత్య నీతిశాస్త్రజ్ఞులకును సమ్మతమే. బిడ్డకు మందనుకొని విషమిచ్చిన తల్లియు, తెలిసి విషమిచ్చిన సవతియు సమానులు కారు. కాని సంకల్పము లేనంతమాత్రమున ఏమియు మిగులదనుట వేరు. ఈ విషయమున మన పూర్వులు చూపిన సూక్ష్మదృష్టి యొకటి గమనింపదగియున్నది. మనుస్మృతియందు పంచసూనల ప్రస్తావన కలదు. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీళ్లకుండ అను నీ అయిదును గృహస్థుని యింట హింసాస్థానములని చెప్పబడినవి. పొయ్యి రాజేసినప్పుడు పురుగు కాలును. చీపురు త్రిప్పినప్పుడు చీమ చచ్చును. గృహిణి చీమను చంపవలెనని ఊడ్వదు. ఊడ్వకుండ కాపురము చేయజాలదు. అట్లని శాస్త్రము “సంకల్పము లేదు గనుక చింత లేదు” అనలేదు. “కాపురము మానుము” అనియు అనలేదు. ప్రతిదినమును అయిదు యజ్ఞములు చేయుమని విధించెను. అందు భూతయజ్ఞమున కుక్కలకును కాకులకును పురుగులకును అన్నము పెట్టవలెను. అనగా ఏ ప్రాణులకు హాని కలిగెనో ఆ ప్రాణికోటికే కొంత తిరిగి యీయవలెను.

ఈ విధానమును మేము కర్మకాండగాకాక ఒక నీతిసూత్రముగా గ్రహించుచున్నాము. పాపము వేరు, ఋణము వేరు. కోరి చేసిన కీడు పాపము. కోరకయే, మన జీవనమువలన పరులకు కలిగిన కీడు ఋణము. పాపికి సిగ్గు తగును. ఋణస్థునికి సిగ్గుతో పనిలేదు. ఒప్పుకొనుటయు తీర్చుటయు కావలెను. అయితే ఋణము ఋణముగానే నిలిచియుండదు. తెలిసినపిమ్మట తీర్చనొల్లక, ఋణదాతనే వాకిటినుండి తరిమినచో, అప్పుడది పాపమగును. బాటసారుల చరిత్రయందు ఈ మార్పు ఎక్కడ జరిగెనో చూపవచ్చును.

1851లో ఫోర్టు లారమీ సమీపమున అమెరికా ప్రభుత్వమును పెక్కు మైదానజాతులును ఒడంబడిక చేసికొనెను. బాటలు వేయుటకును కోటలు కట్టుటకును ఆ జాతులు సమ్మతించినందులకును, వారికి కలిగిన నష్టమునకు పరిహారముగాను, 50 సంవత్సరములవరకు ఏటేట 50,000 డాలర్ల విలువగల వస్తువులు ఇచ్చునట్లు ప్రభుత్వప్రతినిధులు వాగ్దానము చేసిరి. ఇది ఋణమును ఒప్పుకొనుట. కాని ఆ పత్రము వాషింగ్టను చేరినపిమ్మట సెనేటు సభవారు 50 ఏండ్లను 10 ఏండ్లకు తగ్గించిరి. అధ్యక్షుడు ఇచ్చగించినచో మరియయిదేండ్లు పొడిగింపవచ్చుననిరి. సంతకము చేసిన పత్రమును ఒకపక్షమువారు తమ ఇంట కూర్చుండి దిద్దుకొనిరి. అంతవరకు “మాకు తెలియదు” అనుట చెల్లెను. ఆ కలము కదిలిన పిమ్మట ఆ మాట చెల్లదు.

మూడేండ్లకు, 1854 ఆగస్టులో, ఆ కోటకు చేరువనే ఒక మోర్మను బాటసారి ఆవు తప్పిపోయి లకోటాల గుడారములవైపు పోగా, అచ్చటికి అతిథిగా వచ్చియున్న వేరొక తెగవాడు దానిని కొట్టిచంపెను. ఆవు యజమానుడు కోటలో ఫిర్యాదు చేసెను. కాంకరింగ్ బేర్ అని ఇంగ్లీషున పిలువబడు లకోటా నాయకుడు తాను చంపకపోయినను, ఆవునకు బదులు పశువు నిత్తునని రాయబారము నడిపెను. గ్రాటను అను పడుచు అధికారి దానిని లెక్కచేయక, 29 మంది సైనికులతోను రెండు ఫిరంగులతోను గుడారములమీదికి పోయి, చంపినవానిని అప్పగింపుమని పట్టుపట్టెను. సైనికులు కాల్చిరి; నాయకుడు ప్రాణాంతకమైన గాయము పొందెను. లకోటాలు తిరుగబడి గ్రాటనును అతని సైనికులను హతముచేసిరి. మరుసటియేట సెప్టెంబరులో జనరల్ హార్నీ సేనతో వచ్చి బ్లూ వాటర్ వాగుకడ నున్న గుడారములపై పడి, స్త్రీలు పిల్లలతోకూడ 86 మందిని చంపించెను.

ఒక్క ధేనువు నిమిత్తముగా రాజవంశములు నశించిన కథలు మన పురాణములలోను కలవు. కాని ఇచ్చట మేము గమనింపగోరునది వేరు. ఈ యిద్దరిలో నీతిశాస్త్రము నెరిగినవాడెవడు? తనవారు చేయని నష్టమునకు సయితము తన గుడారముల నడుమ జరిగినదికావున బదులీయబూనినవాడు, నాగరకుడు కాడని తలపబడిన ఆ లకోటా నాయకుడే. ఆయన ఋణమను మాటతో మాటలాడెను. వచ్చినవాడు శిక్షయను మాటతో మాటలాడెను. ఆ యేండ్లలో బైసనులను పోగొట్టుకొన్నవారికి ఎవ్వరును ఫిరంగులు తెచ్చి న్యాయము చేయలేదు. ఒక ఆవు పోయినచో సేన కదిలెను.

“ప్రాణాపాయమున ఉన్నవారికి ధర్మవిచారమెక్కడిది?” అని కొందరు ఆక్షేపింతురు. బాటసారులలో అట్టి దశకు వచ్చినవారును కలరు. 1846లో డానరు కుటుంబమువారును రీడు కుటుంబమువారును మరికొందరును కలిసిన 87 మంది గుంపు, హేస్టింగ్సు అనువాడు ప్రకటించిన దగ్గరదారిని నమ్మి, ఆలసించి, సియెర్రా నెవాడా పర్వతములలో మంచునందు చిక్కుకొనెను. దాదాపు సగముమంది చనిపోయిరి. బ్రతికినవారిలో కొందరు చచ్చినవారి మాంసమును తినిరి. దీనిని తలచుకొని అసహ్యపడువారు మహాభారతమున శాంతిపర్వమునందలి విశ్వామిత్రుని కథను తలచుకొనవలెను. పండ్రెండేండ్ల క్షామమున ఆకలిచే మాడిన ఆ ఋషి చండాలుని గుడిసెలో కుక్కతొడను దొంగిలింపబోయెను. చండాలుడు ధర్మము చెప్పి వారింపగా, బ్రతికినగదా ధర్మము చేయుట యని యతడు బదులు చెప్పెను. ఆపద్ధర్మము మన పెద్దలు ఎరుగనిది కాదు. చచ్చినవారి దేహముతో ప్రాణము నిలుపుకొన్నవారిని మేము నిందింపము.

కాని ఆ మంచులోనే వేరొకటియు జరిగెను. ఈ గుంపువారికి ఆహారము చేర్చుటకై కాలిఫోర్నియానుండి సటరు అను భూస్వామి పంపగా వచ్చినవారిలో లూయీ, సాల్వడోరు అను ఇద్దరు ఆదిమజాతి యువకులుండిరి. వారును మంచులో చిక్కుకొనిరి. వారు నరమాంసము ముట్టలేదు. తుదకు నీరసించి పడియున్న ఆ యిద్దరిని, తినుటకొరకై, ఆ గుంపులోని యొకడు కాల్చిచంపెను. ఆ గుంపులో మాంసముకొరకు చంపబడినవారు వారిద్దరు మాత్రమే యని చరిత్రకారులు చెప్పుదురు. ఆకలి అందరికిని సమానముగానే యుండెను. ఎవరిని చంపవలెనను నిర్ణయము మాత్రము ఆకలి చేసినది కాదు. ఆపద్ధర్మము కుక్కమాంసము తినుమని సెలవిచ్చినను, అన్నము తెచ్చినవానిని తినుమని ఎన్నడును సెలవీయలేదు. కనుక “అవసరము” అను మాట వినబడినప్పుడెల్ల, ఆ యవసరమునకు బలియైనవారు ఎవరు, వారినే ఏల యెన్నుకొనిరి అని అడుగుట విచారపరుని విధి.

మరియొక ఆక్షేపణ: “చట్టములు చేసినది ప్రభుత్వము, బాటసారి యేమి చేయగలడు?” ఈ మాటయు కొంతవరకే నిజము. 1850లో చేసిన చట్టమువలన ఆరెగానులో శ్వేతజాతి పురుషునికి 320 ఎకరములును, అతని భార్యకు మరి 320 ఎకరములును ఉచితముగా దొరకెను. ఆ భూములను ఆదిమజనులనుండి ధర్మముగా పొందకమునుపే పంచిపెట్టిరి. గ్రహించినవారు సామాన్యులే, కాదన్నవారు అరుదు. సామాన్యులకు శక్తియే లేదనుటకు వీలులేదని ఒక్క యుదాహరణము చాలును. జార్జి వాషింగ్టన్ బుష్ అను నల్లజాతి రైతు 1844లో ఈ బాటపైననే వచ్చెను. నల్లవారు నివసింపరాదని ఆరెగానులో అప్పటి పరిపాలకులు శాసించుటచేత అతడును మిత్రులును కొలంబియానదికి ఉత్తరముగా పోయి స్థిరపడిరి. కరవుకాలమున అతడు తన ధాన్యమును ఇరుగుపొరుగులకు పెట్టి కాపాడెను. చట్టప్రకారము అతనికి భూమిపై హక్కు లేకపోగా, అతని యుపకారము పొందిన వలసజనుల శాసనసభవారు విన్నపము పంపుకొనిరి. 1855లో కాంగ్రెసు ప్రత్యేకచట్టముచేసి అతని భూమిని అతనికి స్థిరపరచెను. ఋణమును గుర్తించినవారు అన్యాయపుచట్టమును సయితము ఒక్కచోట వంచగలిగిరి. గుర్తించుట ఒక్క బుష్ వద్దనే యేల నిలిచిపోయెను? నదులు దాటించినవారివరకు ఏల పోలేదు? వారికి శక్తి లేకపోలేదు. ఆ దిక్కునకు వారి చూపు పోలేదు.

“ఇట్లు వెదకినచో భూమిమీద ఋణస్థుడు కానివాడెవడు? ప్రతిజాతియు ఒకప్పుడు ఇంకొకజాతిని త్రోసియే నిలిచెను” అని తుదిమాటగా అందురు. నిజమే. కాని అందరును అప్పులవారైనంతమాత్రమున అప్పు లేకుండపోవునా? ప్రాచీనకాలపు ఋణములకు పత్రము లేదు, సాక్షి లేడు, పుచ్చుకొనువాడును లేడు. ఈ ఋణమునకు పత్రమును కలదు, పుచ్చుకొనువారును కలరు. 1868లో మరియొక ఒడంబడికవలన లకోటాలకు స్థిరపరుపబడిన బ్లాక్ హిల్సు కొండలు, 1874లో బంగారము బయటపడుటతో 1877లో లాగుకొనబడెను. 1980లో అమెరికా సుప్రీముకోర్టువారే అది అన్యాయమని తేల్చి, వడ్డీతో 10 కోట్ల డాలర్లకు పైబడిన పరిహారమును సమర్థించిరి. బీదరికములో మునిగియున్నను ఆ జాతివారు ఆ ధనమును ముట్టలేదు. కొండలు అమ్ముకొనుటకు కావనిరి. ఋణమును ఏ నాణెముతో తీర్పవలెనో ఋణస్థుడు ఒంటిగా నిర్ణయింపజాలడని దీనివలన తెలియుచున్నది. పుచ్చుకొనువాని మాట వినుట తీర్చుటలో మొదటిమెట్టు. 2019లో కాలిఫోర్నియా గవర్నరు ఆదిమజనులకు జరిగిన హింసకు ప్రభుత్వపక్షమున క్షమాపణ చెప్పెను. ఆలస్యమైనను అది ఒప్పుకొనుటయే. తీర్చుట ఇంకను మిగిలియున్నది.

ఈ విషయము మనకు కేవలము పరదేశపు ముచ్చట కాదు. నేడు తెలుగు కుటుంబములు పెక్కు కాలిఫోర్నియాలోను ఆరెగానులోను ఇండ్లు కొనుక్కొని కాపురములు చేయుచున్నవి. వారు బండ్లపై పోలేదు, విమానములపై పోయిరి. ఎవ్వరి భూమిని లాగుకొనలేదు, వెలయిచ్చి కొనిరి. వారిపై పాపమేమియు లేదు. కాని ఆ వెల పుచ్చుకొన్నవానికి ఆ నేల ఎట్లు వచ్చెనో విచారించినచో, ఋణమున ఒక పాలు వారికిని చేరుచున్నది. గృహప్రవేశమునాడు వాస్తుపురుషుని పూజించు మనవారు, ఆ వాస్తువున పూర్వము నివసించినజాతి పేరేమో, ఆ జాతివారు నేడెక్కడ ఎట్లున్నారో తెలిసికొనుటకు ఒక్క పూట వెచ్చించుట భారము కానేరదు. తెలిసికొన్నపిమ్మట వారి పాఠశాలకో, వారి భాషను నిలుపు ప్రయత్నమునకో, న్యాయస్థానములో వారి వ్యాజ్యమునకో తోడగుట అసాధ్యమును కాదు.

పాఠశాలలలో చరిత్ర చెప్పు మావంటివారికిని ఇందులో ఒక పని కలదు. వలసపోయినవారి ధైర్యమును బాలురకు తప్పక చెప్పుదము. 2000 మైళ్లు నడచిన తల్లుల ఓర్పును మెచ్చుకొందము. ఆ పాఠముననే కాంకరింగ్ బేర్ ఇచ్చెదనన్న పశువును గూర్చియు, లూయీ, సాల్వడోరులు మోసుకొనివచ్చిన ఆహారమును గూర్చియు చెప్పుదము. తన మంచితనమును మాత్రమే ఎరిగి పెరిగిన బాలుడు, తన నడకవలన ఎవరి గడ్డి నలుగుచున్నదో చూడజాలని మనుష్యుడగును. ఊడ్చుచున్నప్పుడు చీమను తలచుకొనుమన్న ధర్మమును విన్న బాలుడు ఊడ్చుట మానడు. చీపురును మాత్రము చూచి త్రిప్పును.